కరెంటు తర్వాత మెడలో మిగిలిన బిళ్ళ: ఒక కేస్ స్టడీ

“అయ్యా, లోపల పుండు మానిపోయిందన్నారు గదా. మరి మెడ మీద బిళ్ళ ఇట్టాగే ఉందేంది?”

జనం ‘కరెంటు’ అనే రేడియేషన్ ముగిసిన ఆరో వారంలో ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఒక ఇల్లాలు నన్ను అడిగిన మాట ఇది. పక్కన భర్త మెడకు కండువా చుట్టుకుని కూర్చున్నారు. కొడుకు చేతిలో పెట్ స్కాన్ రిపోర్టు ఉంది. అందులో ‘వ్యాధి మిగిలి ఉంది’ అన్న వాక్యం కింద ఎవరో ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీశారు.

తల, మెడ క్యాన్సర్లకు ఆపరేషన్లు చేసే నాకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. రేడియేషన్ తర్వాత మెడలో గడ్డ మిగిలినప్పుడు ఆగాల్సినన్ని రోజులు ఆగాలి. ఆ గడువు దాటాక మాత్రం అనవసరంగా వారం కూడా ఆగకూడదు. తొందరపడితే అక్కర్లేని ఆపరేషన్ జరుగుతుంది, నానిస్తే మనిషి చేజారిపోతాడు. ఈ ఒక్క రోగిలోనే రెండు ప్రమాదాలూ ఎదురయ్యాయి కాబట్టి పూర్తిగా రాస్తున్నాను. ఆయనా, ఇంట్లోవాళ్ళూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదట జరిగింది

ఆయనకు 56 ఏళ్ళు. పొగాకు రైతు, సొంత బ్యారన్ (పొయ్యి వేడితో ఆకును ఆరబెట్టే కొట్టు) ఉంది. ముప్పై ఏళ్ళుగా రోజుకు ఐదారు చుట్టలు కాల్చేవారు. జబ్బు కుడి చెవిలో పోటుతో మొదలైంది. చెవి చూస్తే శుభ్రంగా ఉంది, అయినా చుక్కల మందు వేసుకుంటూ రెండు నెలలు గడిచిపోయాయి. గొంతు వెనక భాగం నుంచీ, చెవి నుంచీ నొప్పిని మోసుకెళ్ళే నరం ఒకటే కావడంతో నాలుక మొదట్లో పుండు పడితే నొప్పి చెవిలో తెలుస్తుంది. పొగ తాగే మనిషికి చెవిలో ఏ లోపమూ కనబడకుండా ఒకే వైపు పోటు మూడు వారాలు దాటితే గొంతులో కెమెరా పెట్టి చూసి తీరాలి. ఇది ఈ కేసు అసలు విషయం కాకపోయినా, పోయిన ఆ రెండు నెలలు తలచుకుంటే రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా దగ్గరికి వచ్చేసరికి మెడలో గడ్డ తేలింది. ముక్క పరీక్షలో నాలుక మొదలు కుడివైపు స్క్వామస్ సెల్ కార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. పి16 పరీక్ష నెగెటివ్, అంటే ఇది హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చింది కాదు, పొగాకు తెచ్చిపెట్టిందే. ఎమ్మారైలో నాలుక మొదట్లో 3.2 సెంటీమీటర్ల పుండు కనిపించింది. మెడ కుడివైపు రెండో లెవెల్‌లో, అంటే మెడ పైభాగంలో 4.2 సెంటీమీటర్లు, మూడో లెవెల్‌లో, అంటే మధ్యభాగంలో 2 సెంటీమీటర్ల బిళ్ళలు (ఉబ్బిన లింఫ్ గ్రంథులు) ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. స్టేజింగ్ భాషలో టీ2, ఎన్2బీ, ఎం0: అంటే ఓ మోస్తరు పుండు, మెడలో ఒకే వైపు ఒకటికి మించి బిళ్ళలు, దూరంగా ఎక్కడికీ పాకలేదు.

వేర్వేరు విభాగాల క్యాన్సర్ డాక్టర్లం కలిసే ట్యూమర్ బోర్డులో కూర్చుని కీమో, రేడియేషన్ కలిపి ఇవ్వాలని నిర్ణయించాం. నాలుక మొదలు కోసేస్తే మింగడం, మాట్లాడటం బాగా దెబ్బతింటాయి. 70 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) రేడియేషన్ 35 సిట్టింగులుగా ఏడు వారాలు పెట్టాం. కీమో మందు సిస్‌ప్లాటిన్ శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలకోసారి అనుకున్నాం. రెండు డోసులు పూర్తిగా పడ్డాయి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగడంతో మూడోది ఆపేశాం. మొత్తం చదరపు మీటరుకు 200 మిల్లీగ్రాములు చేరితే ఫలితానికి సరిపోతుందని మా లెక్క. సంక్రాంతికి ఊరెళ్ళి మూడు రోజులు సిట్టింగులు మానేశారు. శనివారాలు అదనంగా పెట్టి ఆ లోటు పూడ్చాం. మొత్తానికి బరువు 61 కిలోల నుంచి 51కి పడిపోయింది.

ఆరో వారంలో వచ్చిన రిపోర్టు

ట్రీట్‌మెంట్ అయ్యాక పన్నెండో వారంలో స్కాన్ చేద్దామని కాగితం మీద రాసి ఇచ్చాం. కానీ గడ్డ చేతికి తగులుతూనే ఉంది. తెలిసినవాళ్ళు భయపెట్టారు. ఐదో వారంలోనే వేరే చోట పెట్ స్కాన్ చేయించారు. నాలుక మొదట్లో ఎస్‌యూవీ (స్కాన్‌లో వెలుగు ఎంతో చెప్పే అంకె) 5.2, రెండో లెవెల్ బిళ్ళలో 6.8, మూడో లెవెల్‌లో 4.4 అని వచ్చింది. వెంటనే పెద్ద ఆపరేషన్ చేయించుకోమని అక్కడ చెప్పారట. ఆ మాట విన్న రాత్రి నుంచి ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదని కొడుకు చెప్పాడు.

నేను గొంతులో కెమెరా పెట్టి చూశాను. నాలుక మొదలు నునుపుగా ఉంది, వేలు పెట్టి నొక్కితే మెత్తగానే తగిలింది. మెడలో రెండో లెవెల్ గడ్డ రెండున్నర సెంటీమీటర్లకు తగ్గింది, గట్టిగా ఉంది కానీ కదులుతోంది. మూడో లెవెల్‌ది చేతికి అందలేదు. అంతా తగ్గే దారిలోనే ఉన్నట్టు అనిపించింది.

పెట్ స్కాన్ క్యాన్సర్‌ను నేరుగా చూపించదు. గ్లూకోజును ఆబగా తినే కణాలు ఎక్కడున్నాయో అది చూపిస్తుంది. రేడియేషన్ తగిలిన క్యాన్సర్ కణం అప్పటికప్పుడు చచ్చిపోదు, రెండుగా చీలబోయినప్పుడు చస్తుంది. కొన్ని కణాలు రెండు మూడు సార్లు చీలాకే చస్తాయి. చచ్చినవాటిని ఊడ్చుకుపోవడానికి తెల్లరక్త కణాలు గుమిగూడతాయి, అవీ గ్లూకోజు తింటాయి. అందుకే ఐదో వారంలో స్కాన్ తీస్తే మంట ఏదో, బూడిద ఏదో తెలియదు. ఒక్కోసారి దెబ్బతిని సొమ్మసిల్లిన క్యాన్సర్ కణాలు ఆ సమయంలో వెలగకపోవచ్చు కూడా. అంటే తొందరపడి తీసిన స్కాన్ రెండు విధాలుగానూ మోసం చేస్తుంది.

ఇదంతా చెబుతుంటే ఆయన అప్పటిదాకా విప్పని నోరు విప్పారు. గొంతు బొంగురుగా ఉంది. “అంటే బ్యారన్ పొయ్యి ఆర్పినాక కూడా లోపల సెగ ఉంటది, అట్టా అన్నమాట.” నేను అరగంట చెప్పిన దానికంటే ఆ ఒక్క మాటే ఇంట్లోవాళ్ళకు బాగా ఎక్కింది.

“అయితే సెగ తగ్గేదాకా ఆగుదాం పెద్దాయనా. తగ్గకపోతే మాత్రం నేను ఆగను,” అన్నాను. పన్నెండో వారం తేదీ కొడుకు ఫోన్‌లో పెట్టించాను.

ఆగిన ఆరు వారాల్లో

ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. ఆపరేషన్ చేయాల్సి వస్తే మనిషి దానికి సిద్ధంగా ఉండాలి. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 14 వచ్చింది, అది పెరిగిందంటే థైరాయిడ్ హార్మోను తగ్గినట్టు. మెడకు పెట్టిన రేడియేషన్ థైరాయిడ్‌నూ దెబ్బతీస్తుంది. హార్మోను తగ్గిన శరీరంలో కుట్లు సరిగా అతకవు. ఆ హార్మోను మాత్ర లీవోథైరాక్సిన్ మొదలుపెట్టాం. రక్తంలోని ప్రొటీన్ ఆల్బుమిన్ 3.1 ఉంది, తక్కువే. ముక్కు గొట్టం వద్దని ఆయన పట్టుబట్టారు, సరే అని రాగి జావ, గుడ్లు, పప్పుకట్టు, నెయ్యి ఎంతెంత పోయాలో డైటీషియన్ ఆ అమ్మకు రాసిచ్చారు. ఆమె వంటింటి గోడకు ఒక కాగితం అంటించి రోజూ ఎన్ని గ్లాసులు పట్టాయో గీతలు పెట్టింది. పన్నెండో వారానికి బరువు మూడు కిలోలు పెరిగింది. చుట్ట పూర్తిగా మానించాం. అది మానకపోతే పుండూ మానదని, కొత్త క్యాన్సర్ వచ్చే ప్రమాదమూ ఉంటుందని ప్రతిసారీ చెప్పాను.

తొమ్మిదో వారంలో మెడకు అల్ట్రాసౌండ్ చేయించాను. గడ్డ 2 సెంటీమీటర్లు ఉంది, పెరగలేదు. పెరిగి ఉంటే పన్నెండో వారం దాకా ఆగేవాణ్ణి కాదు. ఆగమని చెప్పిన ప్రతి రోగికీ మధ్యలో ఈ చూపు ఒకటి ఉండాలి.

పన్నెండో వారం

స్కాన్ తేడా స్పష్టంగా చూపించింది. నాలుక మొదట్లో వెలుగు పూర్తిగా పోయింది. మూడో లెవెల్‌లోనూ ఏమీ లేదు. ఐదో వారం రిపోర్టును నమ్మి కత్తి పట్టి ఉంటే నాలుక మొదలు అనవసరంగా కోసేవాళ్ళం. కానీ రెండో లెవెల్ బిళ్ళ 1.8 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. ఎస్‌యూవీ 5.1, కాలేయం వెలుగు కంటే చాలా ఎక్కువ. సెగ తగ్గలేదు.

పన్నెండో వారం పెట్ స్కాన్‌లో మెడ శుభ్రంగా ఉంటే ఆ మాట నూటికి తొంభై అయిదు పాళ్ళు నమ్మొచ్చు. వెలిగితే మాత్రం అంత గట్టిగా నమ్మడానికి లేదు. పైగా మన దేశంలో ఇంకో చిక్కుంది. క్షయ బిళ్ళ కూడా ఇలాగే వెలుగుతుంది. అందుకే అల్ట్రాసౌండ్ చూస్తూ సూది పరీక్ష చేయించి, క్షయ కోసం జీన్ ఎక్స్‌పర్ట్‌కూ పంపాను. క్షయ లేదని వచ్చింది. సూదిలో వచ్చిన కణాల్లో కెరటిన్ (ఈ రకం క్యాన్సర్ కణాలు తయారుచేసే ప్రొటీన్) పొడి, కేంద్రకం లేని నీడల్లాంటి చచ్చిన కణాలు, అనుమానాస్పదంగా ఒకటి రెండు గుంపులు కనబడ్డాయి. ‘నిర్ధారించలేం’ అని రాశారు పాథాలజిస్టు. రేడియేషన్ పడిన మెడలో సూది పరీక్ష చాలాసార్లు ఇలాగే మధ్యలో వదిలేస్తుంది. సూది మొన చచ్చిన చోట గుచ్చుకుంటే, బతికున్న కణాలు రెండు మిల్లీమీటర్ల పక్కనే ఉన్నా దొరకవు.

ట్యూమర్ బోర్డులో ఒక సహచరుడు ఇంకో ఆరు వారాలు ఆగి మళ్ళీ పెట్ చేద్దామన్నారు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. బ్రిటన్‌లో 564 మంది రోగులతో జరిగిన పెట్-నెక్ ట్రయల్ 2016లో వచ్చింది. అంతకుముందు పెద్ద బిళ్ళలున్నవాళ్ళకు రేడియేషన్ అయ్యాక, గడ్డ ఉన్నా లేకపోయినా మెడ ఆపరేషన్ చేసే పద్ధతి చాలాచోట్ల ఉండేది. పన్నెండో వారం పెట్ చూసి, వ్యాధి పూర్తిగా పోనివాళ్ళకే ఆపరేషన్ చేసినా బతికే అవకాశం తగ్గదని ఆ ట్రయల్ రుజువు చేసింది. రెండేళ్ళకు బతికున్నవాళ్ళు స్కాన్ గుంపులో 84.9 శాతం, అందరికీ ఆపరేషన్ అనుకున్న గుంపులో 81.5 శాతం. మొదటి గుంపులో 54 ఆపరేషన్లే జరిగాయి, రెండో గుంపులో 221. అక్కర్లేని కోత నుంచి ఎంతోమందిని కాపాడిన ట్రయల్ అది.

అయితే ఆ ట్రయల్‌లో చేరిన వాళ్ళలో ఎక్కువ మంది పి16 పాజిటివ్. వైరస్ వల్ల వచ్చే ఆ క్యాన్సర్ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది, బిళ్ళ నింపాదిగా నాలుగైదు నెలలకు కరుగుతుంది. అలాంటి రోగికి వెలుగు కొంచెమే మిగిలితే ఆగి మళ్ళీ స్కాన్ చేయడం నాకూ సమ్మతమే. మన దగ్గరికొచ్చే గొంతు క్యాన్సర్లలో అత్యధికం పొగాకువి. అందులో మిగిలిన కణం ఊరుకోదు, మళ్ళీ పెరగడం మొదలుపెడుతుంది. మరో ఆరు వారాలకు బిళ్ళ గోడ దాటి, మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమనిని పట్టుకుంటే ఆపరేషనే కుదరకపోవచ్చు. పైగా ట్రయల్ నియమం ప్రకారం కూడా సగంసగం తగ్గిన, అనుమానంగా ఉన్న మెడకు ఆపరేషనే చేశారు. ఇదే వాదించాను. బోర్డు ఒప్పుకుంది.

ఒప్పుకోనిది రోగి. పొగాకు వేలం జరుగుతోంది. సరుకు ఇంకా సగం ఇంట్లోనే ఉంది. “వేలం అయినాక చేయించుకుంటా సార్, నెలన్నర,” అన్నారు. ఆరు వారాల కింద ఆగమన్నది నేనే కదా, ఇప్పుడు ఈ తొందరేంటని ఆయన అనుమానం. న్యాయమైన అనుమానమే. రెండు స్కాన్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆర్పేసిన మూడు చోట్లలో రెండు చల్లారాయి, ఒకటి చల్లారలేదు, అంటే అక్కడ నిప్పు ఉన్నట్టే అన్నాను. చాలాసేపు తెర వైపు చూశారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, “చెక్కులు నువ్వే మోసుకెళ్ళు,” అన్నారు. ఆ ప్రాంతంలో పొగాకు బేళ్ళను చెక్కులంటారు.

ఆపరేషన్

పద్నాలుగో వారంలో చేశాం. ముందురోజు డాప్లర్ పరీక్షలో ఎడమవైపు జుగులర్ సిర బాగా పారుతోందని చూసుకున్నాను. కుడివైపుది తీసేయాల్సి వస్తే తల నుంచి రక్తం దిగడానికి అదే దారి. మత్తిచ్చాక ముందు నాలుక మొదలు మళ్ళీ పరీక్షించాను. మెత్తగా ఉంది. ముక్క తీయలేదు. శుభ్రంగా ఉన్న, రేడియేషన్ తిన్న కండను ఊరికే గిల్లితే మానని పుండు పడుతుంది.

ఎంత మేర తీయాలన్నది తర్వాతి ప్రశ్న. 1906లో జార్జ్ క్రైల్ వర్ణించిన రాడికల్ నెక్ డిసెక్షన్ (మెడ బిళ్ళలు తీసే పెద్ద ఆపరేషన్)లో మెడ పక్క కండరం, జుగులర్ సిర, భుజం ఎత్తే నరం అన్నీ పోయేవి. ఇప్పుడు జబ్బు పట్టుకున్నదే తీస్తాం. ఈయనకు రెండు నుంచి నాలుగు లెవెల్స్ వరకు చాలనుకున్నాం. కోత మెడ ముడత వెంట అడ్డంగా ఒక్కటే పెట్టాను. మూడు గీతలు కలిసే కోత రేడియేషన్ పడిన చర్మంలో ఆ కలిసే చోటే విడిపోతుంది, దాని కిందే కెరోటిడ్ ఉంటుంది.

మామూలు మెడలో పొరలు వేలితో తోస్తే విడివడతాయి. రేడియేషన్ పడిన మెడ అలా ఉండదు. కొవ్వు పసుపు రంగు పోయి పాలిపోయి ఉంటుంది, పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కత్తెర తెరిస్తే కండ చిరుగుతుంది కానీ విడవదు. బిళ్ళ మీద మెడ కండరం అతుక్కుని ఉంది, అక్కడ రెండు సెంటీమీటర్ల కండ బిళ్ళతో పాటే తీశాను. జుగులర్ సిర బిళ్ళ వెనక గోడకు కరుచుకుపోయి ఉంది. పది నిమిషాలు ప్రయత్నించి మానుకున్నాను, పైనా కిందా ముడివేసి ఆ భాగం తీసేశాను. సిర కోసం బిళ్ళను చీల్చే ప్రమాదం తెచ్చుకోకూడదు.

భుజం నరం దగ్గర మాత్రం తొందరపడలేదు. బిళ్ళకు మూడు మిల్లీమీటర్ల దూరంలో తెల్లటి దారంలా కనబడింది. దాన్ని వదిలించడానికి నలభై నిమిషాలు పట్టింది. పొలం పని చేసుకునే మనిషికి కుడి చెయ్యి పైకి లేవకపోతే ఎలా అన్న ఆలోచనే నన్ను అంతసేపు ఓపిగ్గా ఉంచింది. కెరోటిడ్ మీద పొర శుభ్రంగా విడిపోయింది. ధమనిని మిగిలిన మెడ కండరంతో కప్పాను. గొంతు తెరుచుకుని ఉన్నా, చర్మం పలచగా ఉన్నా ఛాతీ కండరం తెచ్చి కప్పేవాణ్ణి. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

ఎనిమిదో రోజు కోత వెనక చివర రెండు సెంటీమీటర్లు విడిపోయింది. కెరోటిడ్‌కు దూరంగా ఉండటంతో డ్రెస్సింగులతోనే మూడు వారాల్లో మానింది. లోపలి నీరు బయటికి వచ్చేందుకు పెట్టిన డ్రెయిన్ గొట్టం పదో రోజున తీశాం.

పాథాలజీ

మొత్తం 19 బిళ్ళలు దొరికాయి. రెండో లెవెల్ బిళ్ళలో చాలాభాగం మచ్చ కట్టిన కండ, కెరటిన్, దాన్ని మింగుతున్న పెద్ద కణాలు. వాటి మధ్యలో 6 మిల్లీమీటర్ల మేర బతికున్న క్యాన్సర్ ఉంది. బిళ్ళ గోడ దాటలేదు. మూడో లెవెల్‌లో మొదట 2 సెంటీమీటర్లున్న బిళ్ళ చోట గట్టిపడిన మచ్చ, కెరటిన్ తప్ప ఒక్క బతికున్న కణం లేదు. మిగిలిన 17లోనూ ఏమీ లేదు. చుట్టూ అంచులు శుభ్రం.

ఆ స్లైడును పాథాలజిస్టు పక్కన కూర్చుని నేనే చూశాను. గులాబీ రంగు మచ్చ మధ్యలో నీలంగా ఆ చిన్న గుంపు. సూది దాని పక్క నుంచే వెళ్ళి ఉంటుంది. అది నెగెటివ్ అనుకుని ఇంటికి పంపి ఉంటే, గోడ దాటి మళ్ళీ పైకి తేలడానికి ఎన్ని నెలలు పట్టేదో అన్న ఆలోచన చాలాసేపు వదల్లేదు.

గోడ దాటలేదు, అంచులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి ఇంకే ట్రీట్‌మెంటూ ఇవ్వలేదు. అదే చోట రెండోసారి రేడియేషన్ పెడితే వచ్చే లాభం కంటే ధమని, దవడ ఎముక దెబ్బతినే ప్రమాదమే ఎక్కువ.

ఆ తర్వాత

ఐదో రోజు నుంచే భుజానికి ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. నరం దక్కినా, దాన్ని వదిలించడంలో పడిన సాగుడుకు అది కొన్ని నెలలు మొద్దుబారుతుంది. అప్పుడు కదిలించకపోతే భుజం కీలు బిగుసుకుపోతుంది. మొదటి నెల చెయ్యి భుజం ఎత్తు దాటలేదు. గోడ మీద వేళ్ళతో పాకించడం, తాడుతో కప్పీ లాగడం రోజూ చేశారు. ఆరో నెలకు చెయ్యి తల మీదికి లేచింది. గడ్డం కింద నీరు చేరి ఉదయంపూట ఉబ్బుగా ఉండేది. మసాజ్ నేర్పాక తగ్గింది.

మొదటి రెండేళ్ళు రెండు మూడు నెలలకోసారి రమ్మంటున్నాను. మళ్ళీ వస్తే ఎక్కువగా ఈ గడువులోనే వస్తుంది. ప్రతిసారీ గొంతులో కెమెరా, మెడ రెండువైపులా చేత్తో తడిమి చూడటం, ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్. నాకు చెప్పకుండా పన్ను పీకించుకోవద్దని వాళ్ళ ఊరి దంతవైద్యుడికి చీటీ రాసిచ్చాను. రేడియేషన్ తిన్న దవడలో పన్ను పీకితే ఎముక మానకపోవచ్చు.

ఇప్పటికి ఆపరేషనై 20 నెలలు. జబ్బు ఆనవాళ్ళు లేవు. బరువు 58 కిలోలు. అన్నం పలచగా కలుపుకుని తింటున్నారు, మధ్యమధ్యలో నీళ్ళు తాగాలి, ఉమ్మి తక్కువ కాబట్టి. పోయినసారి వచ్చినప్పుడు ఈ ఏడు బ్యారన్ వేడి దగ్గర నిలబడొచ్చా అని అడిగారు. ఆ మెడ చర్మానికి చెమట పట్టదు, సెగకు త్వరగా కాలుతుంది, పైగా ఆకు పొగ గొంతుకు మంచిది కాదు. పొయ్యి పని కొడుక్కి వదిలేయమన్నాను. ఆ అమ్మ వెంటనే, “నేనూ అదే చెబుతున్నా అయ్యా, వింటేగా,” అంది. ఆయన కండువా తీసి, చొక్కా పై గుండీ పెట్టుకుని లేచారు. తర్వాతి పరీక్ష రెండు నెలల్లో ఉంది.